ఇరవై రెండు ఏటి పిట్టలు

ముప్పై ఒక్క ఏళ్ళు నేను నీళ్ళు కొలిచాను. కొలిచినట్టు రాశాను అంటే ఇంకాస్త నిజం. ఆ రెంటికీ ఉన్న తేడా నాకు తెలిసిరావటానికి ఉద్యోగంలో చివరి వేసవి దాకా పట్టింది. అదీ కొన్ని పిట్టల పుణ్యాన.

ఇప్పుడు మా పల్నాడులో పిట్టల్ని చూసి ఫోన్లో జాబితాలు పెట్టే కుర్రవాళ్ళు పాతిక మందైనా ఉన్నారు. గ్రూపులో నన్ను "సీనియర్ సార్" అంటారు. అన్నప్పుడల్లా నాకు కాల్లో ముల్లు కలుక్కుమన్నట్టు ఉంటుంది. అసలు సంగతి తెలిస్తే ఆ పిలుపు ఉంచాలో తీసేయాలో మీరే తేల్చుకుంటారని ఇది రాస్తున్నాను.

నేను కాలువ మీద లస్కర్ని. కట్ట వెంబడి తిరుగుతూ తూములూ షట్టర్లూ చూసుకోవటం, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నీటిమట్టం రిజిస్టర్లో రాసి పై ఆఫీసుకు ఫోన్లో చెప్పటం నా పని. రెంటచింతలకీ మాచర్లకీ మధ్య కాలువ పక్కన ఒక మంచినీళ్ళ చెరువుంది. వేసవిలో కాలువ కట్టేశాక నాలుగు ఊళ్ళు ఆ చెరువు నీళ్ళే తాగుతాయి. తూము పక్కన గోడకు అడుగులూ అంగుళాలూ గీసిన పలక ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని గేజీ అంటాం. నా సర్వీసులో సగం ఆ పలక ముందే గడిచింది.

రెంటచింతల ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, ఏటా టీవీ వాళ్ళే చెబుతారు. ఆ ఎండలో రెండో పూట కూడా కట్ట మీదికి పోవాలంటే ప్రాణం మీదికి వచ్చేది. చెరువు రోజుకు అంగుళం తగ్గుతుందని తెలుసు కాబట్టి నిన్నటి అంకెలో అంగుళం తీసేసి, ఇంట్లో మంచం మీదే రాసేసిన రోజులున్నాయి. నాకు పని నేర్పిన పెద్ద లస్కరు మొదటి నెలలోనే చెప్పాడు. "నీళ్ళు యాడికి పోతయ్ రా, నిన్నున్న చోటికి పక్కనే ఉంటయ్." ఆయన చానా మంచివాడు, తన టిఫిన్లో సగం నాకు పెట్టేవాడు. దాంతోపాటే ఈ విద్య కూడా పెట్టాడు. నా అంచనాలు పెద్దగా తప్పేవి కావు. నన్ను పాడుచేసింది అదే.

రిటైరవటానికి ఇంకా ఏడాదిన్నర ఉందనగా, నరసరావుపేట కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒక మేడం కట్ట మీద కారాపి, మెడలో బైనాక్యులర్సుతో దిగింది. ఇక్కడ ఏమేం పిట్టలుంటాయండీ అని అడిగింది. నేను వరసపెట్టి చెప్పాను. నత్తగుల్ల కొంగలు ఏ మడిలో దిగుతాయి, తీతువు ఏ గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది, లకుముకి పిట్ట ఏ కొమ్మ మీద కాపు కాస్తుంది. ఆమె కాసేపు రాసుకుని, పుస్తకం మూసి, "ఇవన్నీ మీ బుర్రలోనే ఉంచుకుంటే ఎట్లాగండీ?" అంది. నా ఫోన్ తీసుకుని అందులో ఒక యాప్ ఎక్కించింది.

మీకు తెలిసిందే కదా. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు చూశారు, ఏ పిట్ట ఎన్ని. కాకినీ గోరింకనీ కూడా వదలకూడదు. చివర్లో అది ఒక మాట అడుగుతుంది: చూసినవన్నీ రాశారా? అవునని నొక్కాలి. రాసినవన్నీ చూశారా అని మాత్రం అడగదు.

నాకు పిచ్చి పట్టింది. పొద్దున గేజీకి పోయినప్పుడు అరగంట కట్ట మీద నిలబడి లెక్కపెట్టటం, టీ తాగుతూ జాబితా పెట్టటం అలవాటైంది. గుంటూరు నుంచి ఒకాయన "సూపర్ సార్" అంటాడు. హైదరాబాదు నుంచి ఎవరో ఫలానా బాతు ఇంకా ఉందా అని అడుగుతారు. రోజూ వరసగా జాబితాలు పెట్టేవాళ్ళ పట్టీలో జిల్లా మొత్తానికి నేను మొదటివాణ్ణయ్యాను. నా కింద ఇద్దరు డాక్టర్లు, ఒక బ్యాంకు మేనేజరు, సాక్షాత్తూ మేడం. పదో తరగతి తప్పిన లస్కర్ని నేను! మా పై అధికారి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారు, కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఆయన ఫోన్లో కూడా ఆ యాప్ ఎక్కించాను, నా జాబితాలు చూస్తాడని.

ఆ చివరి వేసవిలో, ఇంకో అయిదు నెలల్లో రిటైరవుతాననగా, కుడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. మంచం దిగలేను. గేజీకి పాత విద్య ఉండనే ఉంది. కానీ పిట్టలు? అప్పటికి రెండు వందల రోజులు దాటి ఒక్కరోజు కూడా తప్పలేదు. జాబితా పెట్టకపోతే పట్టీలో నా పేరు కిందికి జారిపోతుంది. ముందురోజు జాబితా తెరిచి, కాకుల దగ్గర రెండు తగ్గించి, కొంగల దగ్గర ఒకటి పెంచి నొక్కేశాను. ఏటి పిట్టల దగ్గర ఇరవై రెండు అని ఉంటే అట్లాగే వదిలేశాను.

ఏటి పిట్టంటే మీరు రివర్ టెర్న్ అంటారే, అది. బూడిద ఒళ్ళు, నల్ల టోపీ, పసుపు ముక్కు, కత్తెరలాంటి తోక. మాకు దానికి వేరే పేరు తెలియదు, ఏట్లో ఉంటుంది కాబట్టి ఏటి పిట్ట.

మా ఆవిడ కాపడం పెడుతూ ఫోన్లోకి తొంగిచూసింది. "ఏందయ్యా, మంచంలో పడుకొని యాడ కనపడ్డయ్ నీకు ఇరవై రెండు పిట్టలు?"

"అవి రోజూ అక్కడే ఉంటయ్ లేవే."

"గేజీకీ ఇదే చెప్తావ్."

తొమ్మిది రోజులు అట్లాగే గడిచాయి. తొమ్మిదో రోజు సాయంత్రం మేడం ఫోన్ చేసింది. మోకాలి సంగతి ఆమెకు తెలియదు. "మీ టెర్నులు భలే క్రమశిక్షణ గలవండీ. తొమ్మిది రోజుల నుంచీ ఇరవై రెండే! ఒకటి పెరగదు, ఒకటి తగ్గదు" అంది. గొంతులో నవ్వుంది, కానీ ఆ నవ్వు వెనక ఒక ప్రశ్న కూడా ఉంది. "అంతేనండీ, కదలవు" అన్నాను. ఆమె "సరేనండీ" అని పెట్టేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ "సరేనండీ" నాకు అన్నం సహించనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే మోకాలికి గుడ్డ కట్టుకుని, కర్ర పట్టుకుని చెరువుకు పోయాను. గేజీ చూశాను. ఒకటిన్నర అడుగు. చెరువు మధ్యలో, ఎప్పుడో పూడిక తీసినప్పుడు వదిలేసిన మట్టి దిబ్బ ఒకటుంటుంది. చుట్టూ పిక్కల లోతు నీళ్ళు. దిబ్బ మీద పిట్టలు మరీ ఒత్తుగా కూర్చుని ఉండటం చూసి, ఏమిటో తేల్చుకుందామని నీళ్ళలోకి దిగాను. అది కూడా తప్పేనని తర్వాత మేడం చేత చివాట్లు తిన్నాను. సగం దూరం పోయానో లేదో ఆకాశమంతా అరుపులు. పిట్టలన్నీ లేచి నా తల మీదికి ఒకదాని వెనక ఒకటి దూకాయి. ఒకటి నా తలపాగా మీద పొడిచింది కూడా. గబగబా వెనక్కి వచ్చి కట్ట మీద నిలబడి, మేడం ఇచ్చిన పాత బైనాక్యులర్సుతో చూశాను.

పదహారు గూళ్ళు. గూళ్ళంటే ఏమీ ఉండదు, మట్టిలో చిన్న గుంట, అందులో రెండో మూడో గుడ్లు. పదహారు గూళ్ళంటే ముప్పై రెండు పిట్టలు. నేను మంచం మీద ఇరవై రెండు, ఇరవై రెండు అని రాసుకుంటూ కూర్చున్న రోజుల్లోనే అవి వచ్చి, గుంటలు తీసి, గుడ్లు పెట్టి పొదగటం మొదలుపెట్టాయి.

నేను ఇంకా చూస్తుండగానే ఏఈ గారు ఫోన్ చేశారు. "పైనుంచి ఆర్డర్ వచ్చిందండీ. రేపు పొద్దున తాగునీటికి వదులుతున్నారు. మన చెరువు ఈ విడతలోనే నిండా పెట్టేద్దాం, షట్టర్ పూర్తిగా ఎత్తేయండి."

నిండా అంటే ఏడడుగులు. ఆ దిబ్బ సంగతి నాకు అరచేతిలో గీతలా తెలుసు. నాలుగడుగుల మూడంగుళాలకు అంచు తడుస్తుంది, ఐదడుగులకు మొత్తం మునుగుతుంది. అంటే మూడో రోజుకల్లా గుడ్లన్నీ నీళ్ళ కింద ఉంటాయి. ఆ రోజు నేను యాప్‌లో ఏమీ పెట్టలేదు. పెడితే నిన్నటిదాకా లేని గూళ్ళు ఇవాళ పదహారు ఎట్లా వచ్చాయని అడుగుతారు.

మా దగ్గర చెరువుకు నీళ్ళు పెట్టే రోజు తూము దగ్గర కొబ్బరికాయ కొడతారు. ఊరి నీళ్ళ వ్యవహారమంతా చూసే ఒకావిడ ఉంది, ఒకప్పుడు వార్డు మెంబరు, రైతు ఇంటి కోడలు. మాట కటువు, మనసు గట్టి. నన్ను బాబాయ్ అంటుంది. మర్నాడు పొద్దున ఆమె కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది, ఏఈ గారు జీపులో వచ్చారు. కాలువలో నీళ్ళు తూము దాకా వచ్చేసి ఆగి ఉన్నాయి. షట్టర్ తిప్పే చక్రం మీద నా చేతులున్నాయి, కానీ తిప్పలేదు.

"సార్, నాలుగడుగుల దగ్గర ఆపుదాం. మిగతాది రెండో విడతలో పెట్టుకుందాం. దిబ్బ మీద గుడ్లున్నయ్."

ఆవిడ నా వంక వింతగా చూసింది. "మా గొంతులు ఎండుతుంటే నీ పిట్టల గోలేంది బాబాయ్? రెండో విడత రాకపోతే ఎవుర్నడగాల?"

ఏఈ గారు ఫోన్ తీసి నా జాబితాలు తెరిచారు. "గుడ్లేమిటండీ? మొన్నటి దాకా మీ లిస్టుల్లో గూళ్ళ మాటే లేదే. పిట్టలు రోజూ ఇరవై రెండే. నిన్న అసలు లిస్టే లేదు. రాత్రికి రాత్రి పెట్టాయా?"

అప్పుడు నాకు రెండు దారులున్నాయి. నిన్ననే పెట్టాయి సార్ అని ఇంకో అబద్ధం ఆడొచ్చు. కానీ నిన్న పెట్టిన గుడ్లయితే ఆయన వాటి కోసం ఆగనక్కర్లేదు, కావాలంటే పిట్టలు మళ్ళీ పెట్టుకుంటాయనేవాడు. సగం పొదిగిన గుడ్లని నమ్మించాలంటే, నా రాతలు నమ్మొద్దని ముందు నేనే చెప్పాలి.

"ఆ తొమ్మిది రోజులూ నేను చెరువుకు రాలేదు సార్. మోకాలు వాచి ఇంట్లోనే ఉన్నాను. చూడకుండా రాశాను."

ఏఈ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "గేజీ రిజిస్టరు కూడా ఇట్లాగేనా?" అన్నారు.

అయిదు నెలల్లో పెన్షను. మా ఆవిడ ముఖం కళ్ళ ముందు కదిలింది.

"కొన్ని రోజులు, సార్."

ఆయన మెట్లు దిగి గేజీ దగ్గరికి పోయి వంగి చూశారు. "ఇవాళ ఎంత రాశారు?" అని కిందినుంచే అడిగారు. ఒకటిన్నరకు అర అంగుళం తక్కువ అన్నాను. ఆయన ఇంకోసారి వంగి చూసి, తల ఊపి పైకొచ్చారు.

ఆవిడ కొబ్బరికాయ చంకలో పెట్టుకుని నా ముందు నిలబడింది. "ఇన్నాళ్ళూ రాసింది చూడకుండా రాశానంటివి. ఈ నాలుగడుగులన్నా చూసి చెప్తన్నావా, ఇదీ మంచం మీదదేనా?"

"ఇది చూసిందేనమ్మా. నువ్వే చూడు" అని బైనాక్యులర్సు ఆమె చేతిలో పెట్టాను. ఆమె మొదట చెరువు అవతల ఉన్న జమ్ము చూసింది, తర్వాత ఆకాశం చూసింది, చివరికి దిబ్బ దొరికింది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఒక పిట్ట గుడ్ల మీదినుంచి లేచి, నీళ్ళ మీద వాలి, పొట్ట ముంచి, తిరిగి వచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. ఇంకోటి లేచింది, అదీ అంతే. గుడ్లు ఉడికిపోకుండా అవి చేసే పని అది.

ఆమె కళ్ళ దగ్గరి నుంచి అద్దాలు తియ్యలేదు. "ఇదేంది బాబాయ్, ఇది కూడా నీళ్ళు మోసుకుంటందే!" అంది.

కాసేపయ్యాక అద్దాలు నాకిచ్చింది. "నాలుగడుగులు ఎన్నాళ్ళొస్తయ్?"

"నలభై రోజులు. గేదెల్ని కడగకుండా ఉంటే."

"రెండో విడత ఎప్పుడు సార్?"

"ముప్పై అయిదు రోజులకని ఉందమ్మా. అటూ ఇటూ కావచ్చు, నేను మాటివ్వలేను" అన్నారు ఏఈ గారు. ఆయన అట్లా మాటివ్వకపోవటమే ఆమెకు నచ్చిందనుకుంటాను.

"అయితే నాలుగే పెట్టండి. నాలుగు ఊళ్ళకీ నేను చెప్పుకుంటా. బాబాయ్, నువ్వు మాత్రం రోజూ గేజీ ఫోటో తీసి మా ఊరి గ్రూపులో పెట్టాల. నోటిమాట నాకు చెప్పబాక." అని తూము మీద టెంకాయ ఠపీమని కొట్టింది. నేను షట్టర్ సగమే ఎత్తాను, గేజీ మీద నాలుగడుగులు రాగానే దించేశాను.

ఆ మధ్యాహ్నం ఏఈ గారు రిజిస్టరు నా ముందు పెట్టి ఎర్రసిరా పెన్ను ఇచ్చారు. ఏ రోజులు చూడలేదో ఆ రోజుల ఎదురుగా "చూడలేదు" అని రాసి సంతకం పెట్టమన్నారు. మోకాలు వాచిన రోజులతో మొదలుపెట్టి, గుర్తున్నంత మేరకు వెనక్కి పోయాను. చెయ్యి నొప్పి పుట్టింది. తర్వాత ఒక మెమో కూడా ఇచ్చారు. సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన ఒకే ఒక్క మెమో అది. పెన్షనుకు అడ్డం రాలేదు, కానీ రాసేటప్పుడు ఆయన ఒక్క మాట కూడా తగ్గించలేదు.

మేడానికి ఫోన్ చేసి చెప్పటం అంతకంటే కష్టమైంది. అంతా విని, "గుడ్ల మీద ఎన్ని కూర్చున్నాయండీ?" అని అడిగింది ముందు. పదహారు అన్నాను. తర్వాత పాత జాబితాలు ఒక్కొక్కటే తెరిచి, చూడకుండా పెట్టినవి తీసేయమంది. ఆ తొమ్మిది కాక ఇంకో నాలుగు బయటపడ్డాయి. పట్టీలో నా వరస సున్నాకు వచ్చింది. గ్రూపులో నేనే రాసి పెట్టాను, ఇట్లా చేశాను, క్షమించండి అని. ఒక డాక్టరుగారు "మంచం మీద బర్డింగ్, కొత్త పద్ధతి" అని వెక్కిరించారు. పడ్డాను. కానీ ఆ వారంలోనే ఇంకో ఇద్దరి జాబితాలు కూడా చప్పుడు లేకుండా కొన్ని తగ్గాయి. ఎవరివో చెప్పను, అందులో ఒకరు వెక్కిరించినాయనే.

ఆ నలభై రోజులు నేను చేసినంత ఉద్యోగం ముప్పై ఏళ్ళలో చెయ్యలేదు. రెండు పూటలా గేజీ ఫోటో, కట్ట మీదినుంచే పిట్టల లెక్క. రెండు గూళ్ళు కాకుల పాలయ్యాయి. మిగతావి పిల్లలయ్యాయి, మట్టి రంగులో దూదిపింజల్లా దిబ్బంతా పరుగులు. ఆవిడ రోజూ ఫోన్ చేసేది. "ఏంది బాబాయ్, ఎగిరినయ్యా?" "ఇంకా లేదమ్మా." "తొందరగా ఎగరమని చెప్పు, ఇక్కడ బిందెల దగ్గర నన్ను తిడతన్నారు."

రెండో విడత నిజంగానే అయిదు రోజులు ఆలస్యమైంది. గేజీ అడుగు గీత కిందికి దిగింది, పంపు బురద లాగటం మొదలుపెట్టింది. ఊళ్ళో రోజు విడిచి రోజు నీళ్ళిచ్చారు. గేదెల్ని కాలువ గుంటలకు తోలుకుపోయారు. ఆ అయిదు రోజులూ నేను ఊళ్ళోకి పోవాలంటే భయపడ్డాను. ఒక ముసలాయన మాత్రం దారిలో ఆపి, నీ పిట్టల కోసం ఒక పూట స్నానం మానేశానయ్యా, బాగుండయ్యా అవి అని అడిగాడు. బాగున్నాయి అన్నాను.

నీళ్ళు వచ్చిన రోజు ఆకాశంలో పిల్లలు వంకర టింకరగా ఎగురుతున్నాయి. నేను షట్టర్ పూర్తిగా ఎత్తాను. మూడో రోజు పొద్దున దిబ్బ మునిగిపోయింది. పిట్టలు చానావరకు కృష్ణ వైపు వెళ్ళిపోగా, మిగిలినవి తూము గోడ మీద బారులు తీరి కూర్చున్నాయి, పిల్లలు నోళ్ళు తెరిచి, పెద్దవి చేపలు తెచ్చి పెడుతూ. లెక్కపెట్టాను.

ఇరవై రెండు.

మళ్ళీ అవతలి కొస నుంచి లెక్కపెట్టాను. ఇరవై రెండు. కూర్చుని, మంచినీళ్ళు తాగి, పెద్దవి వేరుగా పిల్లలు వేరుగా లెక్కపెట్టాను. తొమ్మిదీ పదమూడూ, ఇరవై రెండు! ఒకటి ఎగిరిపోతే బాగుండునని కూడా అనుకున్నాను, అవి కదల్లేదు. ఈ అంకె నేను పెడితే లోకంలో ఎవరు నమ్ముతారు? మేడానికి ఫోన్ చేశాను. క్లాసులో చెబుతున్న పాఠం ఆపి మరీ మాట్లాడింది. విని, పకపకా నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే నాకూ నవ్వొచ్చింది.

"చూసే రాస్తున్నారు కదండీ?"

"మూడుసార్లు చూశానండీ."

"అయితే వెయ్యండి."

వేశాను. చూసినవన్నీ రాశారా అని ఎప్పట్లాగే అడిగింది. అవునని నొక్కాను.

ఇప్పుడు రిటైరయ్యాను. మోకాలు బాగున్న రోజు కట్ట మీదికి పోతాను, లేని రోజు పోను, ఆ రోజు జాబితా ఉండదు. పట్టీలో నా పేరు ఎక్కడుందో వెతకటం మానేశాను. ఆ చెరువుకు ఇప్పుడు ఏటా రెండు విడతలుగానే నీళ్ళు పెడుతున్నారు. మొదటి విడత నాలుగడుగులే. నేను అడక్కుండానే ఆవిడే ఏఈ ఆఫీసుకు ఫోన్ చేసి చెబుతుంది. ఎప్పుడైనా మీరు ఆ యాప్‌లో మా చెరువు తెరిచి వెనక్కి పోతే, ఒక వేసవి దగ్గర వరసగా కొన్ని రోజులు ఖాళీగా కనపడతాయి. ఆ తర్వాత ఇంకొన్నాళ్ళకు ఒక పొద్దుటి జాబితాలో ఇరవై రెండు ఏటి పిట్టలుంటాయి. అనుమానం వస్తే రావటంలో తప్పు లేదు, నాకూ వచ్చింది. కానీ వాటిని నేను చూశాను.